దొర దాహం

శుక్రవారం వచ్చి దొరని తీసుకుపోతామని బడి నుంచి ఫోనొచ్చిన క్షణం నుంచీ తాళాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఆమెకి కొత్తేం కాదు. ఆ వీధిలో తాళంచెవి పారేసుకున్న వాళ్ళెవరైనా సరే, ముందు ఆమె దగ్గర నాలుగు చీవాట్లు తినాలి, ఆ తర్వాతే కొత్తది పుచ్చుకోవాలి. అయితే అది పాలపొంగు కోపం, ఇలా వచ్చి అలా పోయేది. ఇది అట్లాంటిది కాదు. పళ్ళు తోముకుంటుంటే ఉంది, అన్నం తింటుంటే ఉంది, మెషీను మీద తాళంచెవి కోస్తుంటే ఉంది. ఆ విసురులో ఒకరి బీరువా తాళంచెవి పనికిరాకుండా పోయింది కూడా.

దొరంటే ఏ పెద్దమనిషో అనుకునేరు. కుక్క. నల్లగా నిగనిగలాడే లాబ్రడార్. బడివాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, తలుపు ఇంకొకరు తీస్తే తప్ప లోపలికి రాని ఆ దర్జా చూసి తాళాలక్క పెట్టిన పేరిది. ఆమె తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేస్తాడు. కాళ్ళూ చేతులూ పట్టుతప్పిన వాళ్ళని లేపి మళ్ళీ నాలుగడుగులు వేయిస్తాడు. అంతమందిని నడిపించేవాడు తను నడవాలంటే మాత్రం మొన్నమొన్నటిదాకా అక్క జబ్బ పట్టుకోవాల్సి వచ్చేది. దొర వచ్చాక ఆ బాధ తప్పింది. వీపు మీది పట్టీకున్న పిడి పట్టుకుని, వీధిలో తలెత్తుకుని, ఎవరి దయా లేకుండా ఆస్పత్రికి వెళ్ళొచ్చేవాడు. మొదటిరోజు అలా ఒంటరిగా వెళ్తుంటే మేడమీంచి చూసి తాళాలక్క ఏడ్చింది. ఆ సంగతి ఎవరితోనైనా అంటే ఊరుకోదు.

ఇలాంటి కుక్కల్ని తయారుచేసే బడి ఒకటుంది. తయారుచేసి ఇస్తారు తప్ప రాసివ్వరు. కాగితాల మీద కుక్క ఎప్పటికీ బడిదే. తిండీ బడిదే. పెద్ద పెద్ద పచ్చ సంచుల్లో ఇంటికే పంపుతారు. అది తప్ప ఇంకేమీ పెట్టకూడదు, పెట్టేది కూడా చూపులేని ఆ మనిషే పెట్టాలి, ఇంట్లో ఇంకెవరూ ముద్ద వెయ్యకూడదు. అదీ నియమం. తాళాలక్క జన్మలో ఎవరి మాటా వినలేదు గానీ ఈ నియమం ఒక్కటీ తు.చ. తప్పకుండా పాటించింది. దొర వచ్చి ఆమె మోకాలికి ముక్కు రాస్తే, "నీ మొహం, నాకెందుకు రాస్తావు, మీ నాన్న దగ్గరికి పో" అని తరిమేది. తరిమి, లోపలికెళ్ళి గిన్నెలు దడదడలాడించేది.

అట్లాంటి దొర ఈమధ్య చెడిపోయాడు. చెడిపోయాడన్న మాట బడి మాస్టారిది. కుక్కలకి శిక్షణ ఇచ్చేది ఆయనే కాబట్టి ఆయన మాట వేదం. మొదట దొర తిండి దగ్గర మొహం తిప్పుకున్నాడు. గిన్నెలో గింజలు పోస్తే వాసన చూసి వెనక్కి జరిగేవాడు. తర్వాత నీళ్ళ యావ పట్టుకుంది. గిన్నె నింపడమే ఆలస్యం, ఖాళీ. తాగినదంతా ఎక్కడికి పోతుంది? ఓ రోజు ఆస్పత్రి హాల్లో, రోగుల బంధువులందరూ చూస్తుండగా, నిలబడ్డచోటే కానిచ్చేశాడు. ఎన్నడూ అలా చెయ్యని కుక్క. ఆస్పత్రివాళ్ళు బడికి ఫిర్యాదు చేశారు.

మాస్టారు వచ్చి చూసి, గారాబం ఎక్కువై నెత్తికెక్కిందని తేల్చారు. తిండి దగ్గర అది పంతం పడుతోంది, నువ్వూ పంతం పట్టమన్నారు. గిన్నె పెట్టు, తినకపోతే తీసెయ్యి, ఆకలేస్తే అదే తింటుంది అన్నారు. నీళ్ళు పొద్దునోసారి సాయంత్రమోసారి కొలిచి పెట్టమన్నారు. వెళ్తూ వెళ్తూ తాళాలక్క వైపు తిరిగి, ఇంట్లో ఎవరో చాటుగా ఏదో పెడుతున్నట్టున్నారు, అందుకే బడి తిండి రుచించడంలేదు అని ఓ మాట విసిరిపోయారు. గుమ్మం దిగేదాకా ఆగి మరీ అన్నారు. ఎదురుగా నిలబడి అనుంటే ఆయన మళ్ళీ గుమ్మం దిగేవారు కాదు.

తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. మాస్టారు ఎలా చెప్తే అలాగే చేశాడు. గిన్నె పెట్టాడు, తీశాడు. మర్నాడూ పెట్టాడు, తీశాడు. చివరికి దొర ఆకలికి ఆగలేక తిన్నాడు. కరకరమని నమిలే చప్పుడు వింటూ, "తిన్నాడక్కా" అని తన పిల్లవాడు పరీక్ష పాసైనంతగా సంబరపడ్డాడు. నీళ్ళగిన్నె ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు. దొర వెళ్ళి ఆ కిటికీ కింద కూచుని పైకి చూస్తుండేవాడు. తమ్ముడికి అది కనపడదు. తాళాలక్కకి కనపడేది. చూడలేక కొట్లోకి దిగిపోయేది.

ఆ తర్వాత ఓ సాయంత్రం రోడ్డు దాటుతూ దాటుతూ దొర నడిమధ్యలో ఆగిపోయాడు. కాళ్ళు వణికాయి. పిడి పట్టుకున్నవాడు ఏం చేస్తాడు? కుక్క ఆగిందంటే ముందు ప్రమాదం ఉందని అర్థం, కదలకుండా నిలబడాలి. అలా నేర్పారు. అలాగే నిలబడ్డాడు. వ్యాను ఒకటి మోచెయ్యి చెక్కుకుంటూ పోయింది. బెత్తెడు ఇటు వచ్చుంటే ఈ కథ ఇక్కడితో సరి. చొక్కా చెయ్యంతా నెత్తురుతో ఇంటికొచ్చాడు, అప్పుడు కూడా పిడి వదల్లేదు.

ఆ రాత్రి గాయానికి కట్టు కట్టించుకుంటూ తమ్ముడు ఒకే ఒక్క మాట అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. నువ్వేమన్నా పెడుతున్నావా వాడికి?"

తాళాలక్క కట్టు ముడి వేసి లేచిపోయింది. పరాయివాడు వెయ్యి అన్నా దులిపేసుకోవచ్చు. తోడబుట్టినవాడు, తను ఎత్తుకుని పెంచినవాడు అడిగితే ఆ మాట ఎముకలో దిగబడుతుంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా అన్నం పెట్టనా, పెట్టు అన్న మాటలే తప్ప ఇంకో మాట లేదు. పైగా వ్యాను సంగతి బడికి చేరింది. మనిషి ప్రాణానికే ముప్పు కాబట్టి కుక్కని వెనక్కి తీసుకుంటాం, శుక్రవారం మాస్టారు వస్తారు అని ఫోను. ఇంకో కుక్క ఎప్పుడిస్తారయ్యా అంటే, చూస్తాం అన్నారు. ఆ 'చూస్తాం' ఏడాదో రెండేళ్ళో, అప్పటిదాకా తమ్ముడు మళ్ళీ అక్క జబ్బ పట్టుకోవాలి. వాడు అన్నీ విని, సరేనండి అని ఫోను పెట్టేసి, దొర పక్కన నేలమీద కూలబడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం కొట్టుకి ఒకావిడ వచ్చింది. పక్క బజారులో పెంపుడు జంతువుల సరుకులమ్మే దుకాణం మేనేజరమ్మ. వెనక గది తాళానికి ఇంకో తాళంచెవి కావాలంది. ఆ గదిలో ఏం దాచారమ్మా, బంగారమా అని తాళాలక్క అలవాటుగా ఎత్తిపొడిచింది. బంగారం కాదు పాడూ కాదు, కంపెనీ వెనక్కి పిలిపించిన కుక్కల తిండి, పొరపాటున ఎవరైనా తీసి అమ్మేస్తారేమోనని తాళం వేసి ఉంచామంది ఆవిడ. దాంట్లో విటమిన్ డి ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు పడిపోయిందట. విటమినే కదా, బలమే కదా అనుకుంటాం గానీ ఎక్కువైతే విషమేనట. కుక్కలు తిండి మానేస్తాయట, నీళ్ళు మాత్రం తెగ తాగుతాయట, ఎక్కడపడితే అక్కడ పోసేస్తాయట, కాళ్ళలో సత్తువ పోతుందట.

తాళాలక్క చేతిలో ఆకురాయి ఆగిపోయింది. సంచి ఏ రంగు అని అడిగింది. పచ్చ అంది ఆవిడ. ఎప్పుడు తెలిసింది అని అడిగింది. అబ్బో, నెల దాటిందండీ, అందరికీ నోటీసులు వచ్చాయిగా, మీరు చూడలేదా అంటూ ఫోన్లో ఆ సంచుల మీది అంకెలు చూపించింది.

తాళంచెవి సగం కోసింది సగంలోనే ఉంది. ఆవిణ్ణి కొట్లో నిలబెట్టేసి తాళాలక్క మెట్లెక్కింది. వంటింటి మూలనున్న సంచి బోర్లించి అడుగున చూసింది. మేనేజరమ్మ ఫోన్లో చూపించిన అంకెలే. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, మోచెయ్యి మానేదాకా సెలవు పెట్టాడు. బడి నుంచి ఈ తిండి గురించి నీకేమన్నా కబురొచ్చిందా అని అడిగితే, తిండి గురించేమీ రాలేదన్నాడు. కాసేపు ఆలోచించి, ఓ నెల కిందట ఏదో వచ్చింది గానీ, వచ్చినవన్నీ పైకి చదివి వినిపించే తన ఫోను దాన్ని 'ఫొటో' అని చదివి ఊరుకుందన్నాడు. బడివాళ్ళు విరాళాలిచ్చిన వాళ్ళతో దిగిన ఫొటోలు అప్పుడప్పుడూ అందరికీ పంపుతుంటారట. అలాంటిదేననుకుని వదిలేశాడట.

తాళాలక్క ఫోను లాక్కుని తెరిచింది. ఫొటోయే. ముద్దుగా ఓ కుక్కపిల్ల బొమ్మ, దానిపక్కన ఎర్రటి అక్షరాల్లో నోటీసు. ఈ తిండి వెంటనే ఆపండి. నీళ్ళు బాగా తాగనివ్వండి. నడకలో తేడా కనిపిస్తే కుక్కతో రోడ్డు మీదికి వెళ్ళకండి, మీకే ప్రమాదం. అన్నీ రాశారు మహానుభావులు, ఏదీ వదల్లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత విన్నాం గానీ, చూపులేని వాళ్ళ కోసమే పుట్టిన బడి చూపులేని వాళ్ళకి బొమ్మ పంపడం ఎక్కడైనా విన్నామా? ఆ అక్షరాలు మామూలుగా కొట్టి పంపుంటే ఫోను గడగడా చదివి వినిపించేది. నెల కిందటే వినిపించేది.

ఆమె మొత్తం పైకి చదివింది. మధ్యలో 'నీళ్ళు బాగా తాగనివ్వండి' అన్నది రెండుసార్లు చదివింది. చదవడం అయ్యేసరికి తమ్ముడు లేచి, తడుముకుంటూ కిటికీ దగ్గరికెళ్ళి, గట్టు మీది గిన్నె దించాడు. ఆ తొందరలో సగం నీళ్ళు ఒలికిపోయాయి. దొర ఒలికినవి కూడా నాకాడు.

పశువుల డాక్టరు రక్తం తీసి చూసి తల అడ్డంగా ఊపాడు. రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నాడు. సెలైను పెట్టాడు, రోజూ తీసుకురమ్మన్నాడు. బతుకుతాడా అని అడిగితే ప్రయత్నిద్దాం అన్నాడు. నీళ్ళు కొలిచి పెట్టామని విని ఇంకో మాట కూడా అన్నాడు. నీళ్ళు తగినన్ని తాగుతూ ఉండుంటే ఆ విషం కొంతైనా కడుక్కుపోయేది, ఎందుకు తాగనివ్వలేదు అని. తమ్ముడు బల్లకి తల ఆనించి అలాగే ఉండిపోయాడు. తాళాలక్క వాడి వీపు మీద చెయ్యి వేసింది. అలకలూ పంతాలూ అప్పుడెవరికి గుర్తున్నాయి?

రెండు రోజులపాటు ఆమె నోరు ఊరుకోలేదు. కంపెనీకి ఫోను చేస్తే సంచి ఫొటో పంపండి, పరిశీలిస్తాం అన్నారు. బడి ఆఫీసుకి చేస్తే మేం అందరికీ తెలియజేశాం, మా బాధ్యత తీరిపోయిందన్నారు. బడిని నడిపే పెద్దమేడమ్ సమావేశంలో ఉన్నారన్నారు. పెద్దమేడమ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, సాయంత్రం నుంచి పొద్దున్నదాకా సమావేశంలోనే ఉంటుంది కాబోలు. మరి శుక్రవారం కుక్కని తీసుకెళ్ళే సంగతేమిటంటే, అది మాస్టారు చూసుకుంటారన్నారు. సరే, రానీ మాస్టార్ని అనుకుంది తాళాలక్క. ఆయనకి పెట్టాల్సిన చీవాట్లన్నీ ఒక్కొక్కటే కూడబెట్టుకుంది. స్నానం చేస్తూ కూడా వాటినే నెమరు వేసుకుంది.

శుక్రవారం మాస్టారు గొలుసు చేతిలో పట్టుకుని వచ్చారు. దొర చాప మీద పడుకుని ఉన్నాడు, కాలికి సూది తాలూకు కట్టు. ఆయన్ని చూసి తోక ఒక్కసారి నేలకి కొట్టాడు. చిన్నప్పుడు నేర్పిన గురువు కదా, మర్యాద మర్చిపోలేదు.

తాళాలక్క దాచుకున్నవి గుమ్మరించడం మొదలుపెట్టింది. సంచి, డాక్టరు రాసిన కాగితం, ఫోన్లో నోటీసు, ఒకదాని తర్వాత ఒకటి ఆయన మొహం ముందు పెట్టింది. చాటుగా ముద్దలు పెడుతున్నానన్నారే, ఇదిగో మీరు సంచుల కొద్దీ పంపిన ముద్దలు అంది. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలంది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. నోటీసుల పని ఆఫీసుది, శిక్షణ పని నాది, నాకు సరిగ్గా తెలీదు అన్నారు. మరి బడిలో ఉన్న కుక్కలకి ఇదే పెడుతున్నారా అంటే, లేదు, అక్కడి సంచులు నోటీసు వచ్చిన రోజే మార్చేశారన్నారు. అన్నాక నాలుక కరుచుకున్నారు. ఆ మాటకి తాళాలక్క ఆయన మీదికి వెళ్ళేదే, తమ్ముడు చెయ్యి చాచి ఆపాడు.

"మాస్టారూ, ఈ ఫొటో ఇంకెంతమందికి పంపారు?"

కుక్కలున్న వాళ్ళందరికీ అన్నారాయన. ఎవరైనా తిరిగి ఫోను చేశారా అని అడిగాడు. ఆయనకి తెలీదు. తమ్ముడు ఫోను తీసి, తనతోపాటు బడిలో శిక్షణ పొందినవాళ్ళకి వరసగా చెయ్యడం మొదలుపెట్టాడు, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి. మొదట సంగీతం పాఠాలు చెప్పే ఒకాయన దొరికాడు. ఫొటో వచ్చిందిగానీ ఏమిటో తెలీలేదన్నాడు. కుక్క తిండి దగ్గర పేచీ పెడుతోందన్నాడు. పంతం పట్టమన్నారు, పడుతున్నా అన్నాడు. ఆపెయ్యండి, సంచి ఎవరికీ అందకుండా అవతల పెట్టండి, నీళ్ళు పొయ్యండి, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అని తమ్ముడు చెప్పాడు. తర్వాత ఓ బ్యాంకు ఉద్యోగి. ఆయనదీ అదే పాట. మాస్టారు ఆ గొలుసు చేతిలో నలుపుతూ నిలబడ్డారు. ఎవరూ ఆయన్ని కూచోమనలేదు.

ఆ తర్వాత కాలేజీలో చదువుకునే ఓ పిల్ల ఎత్తింది. తమ్ముడు సంగతి చెప్పబోతే మధ్యలోనే, "నాకిప్పుడు కుక్క లేదన్నయ్యా" అంది. తన కుక్క బంగారం చెడిపోయిందని కిందటి నెల మాస్టారు వచ్చి తీసుకెళ్ళిపోయారట. తోట ఉన్న ఓ ఇంట్లో ఇచ్చాం, హాయిగా ఉందని చెప్పారట. ఫోను చేసినప్పుడల్లా బాగుందనే అంటున్నారట. "మీకేమన్నా తెలుసా, బంగారం ఎలా ఉంది?" అని అడిగింది.

తమ్ముడు ఫోను మాస్టారి వైపు చాచాడు. మాట్లాడండి అని కూడా అనలేదు. ఆయన ఫోను వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు. గుమ్మానికి అడ్డంగా తాళాలక్క నిలబడి ఉంది. అందుకున్నారు.

"నేనమ్మా, మాస్టార్ని," అన్నారు. గొలుసు రెండో చేతికి మార్చుకున్నారు. అప్పుడు చెప్పారు. తోటా లేదు, ఇల్లూ లేదు. బడికి తీసుకెళ్ళిన వారానికే బంగారం పోయింది. కిడ్నీలు. వయసు మీదపడిందని ఆఫీసులో రాసుకున్నారు. నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మా అన్నారు.

అవతల ఆ పిల్ల ఏడుస్తోందేమో అనుకున్నారు. ఏడవలేదు. మెల్లిగా, పాఠంలో సందేహం అడిగినట్టు అడిగింది.

"మీరు చెప్పారని నేను నీళ్ళు తగ్గించేశాను కదా మాస్టారూ. దానికి బాగా దాహం వేసుంటుందా?"

మాస్టారు గొలుసు బల్లమీద పెట్టేసి, ఫోను కూడా దాని పక్కనే పెట్టబోయారు. తాళాలక్క రెండు రోజులుగా కూడబెట్టుకున్న తిట్లలో ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. ఆ పిల్ల అవతల జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఎవరో ఒకరు చెప్పాలి, అబద్ధం మాత్రం ఇంక చెప్పకూడదు.

తమ్ముడు మాస్టారి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"వేసుంటుందమ్మా," అన్నాడు. "మా వాడికీ వేసింది. నీళ్ళు కిటికీ గట్టు మీద పెట్టి నేనే దాచాను."

అప్పుడేడ్చింది ఆ పిల్ల. తమ్ముడు ఫోను పెట్టెయ్యకుండా చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. తాళాలక్క గుమ్మం నుంచి పక్కకి జరిగింది. మాస్టారు దొరని తీసుకోకుండా, వచ్చిన దారినే ఒక్కరే మెట్లు దిగి వెళ్ళిపోయారు.